గుడి కూలిన చోట బడి



రోము నగరంలో, పాత ఫోరం శిథిలాల పక్కన ఒక రాతి తోరణం ఉంది. టైటస్ తోరణం అంటారు. దాని కింద నిలబడి లోపలి గోడ చూస్తే, రోమన్ సైనికులు ఏడు కొమ్మల దీపస్తంభాన్ని భుజాన వేసుకుని ఊరేగింపుగా వస్తున్న దృశ్యం చెక్కి కనిపిస్తుంది. ఆ దీపస్తంభం యెరూషలేము దేవాలయంలోది. క్రీస్తుశకం 70లో రోమన్లు ఆ గుడిని తగలబెట్టి దోచుకొచ్చిన సొమ్ము అది. గెలిచినవాళ్ళు తమ గెలుపును రాతిలో చెక్కించుకున్నారు. ఓడినవాళ్ళు ఏం చేశారన్నదే ఈవేళ నేను చెప్పబోయే విషయం.

యూదుల చరిత్ర మూడు వేల ఏళ్ళ పైమాట. దాన్నంతా ఒక్క ప్రసంగంలో కుక్కితే పేర్ల పట్టిక మిగులుతుంది. అందుకని కొన్ని ఘట్టాలే ఎంచుకున్నాను. ఒక్కో ఘట్టం దగ్గర ఆగి ఒకే ప్రశ్న వేద్దాం. ఉన్నదంతా పోయినప్పుడు వీళ్ళు దేన్ని దాచుకున్నారు?

మొదటి దెబ్బ ఇంకా పాతది. క్రీస్తుపూర్వం 586లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును పట్టుకుని, సొలొమోను కట్టించాడని చెప్పుకునే మొదటి దేవాలయాన్ని కాల్చేశాడు. ఊళ్ళో పెద్దలను, పనితనం తెలిసినవాళ్ళను బబులోనుకు తరలించాడు. ఆ రోజుల్లో అలా తరలిపోయిన జాతులు చాలా ఉన్నాయి. కొన్ని తరాలు గడిచేసరికి కొత్త చోట కలిసిపోయి, పాత దేవుణ్ణి కూడా మరిచిపోయేవాళ్ళు. గెలిచిన రాజుగారి దేవుడే గొప్పవాడు, ఓడిన రాజుగారి దేవుడు చేతగానివాడు అన్నది ఆనాటి లెక్క.

యూదులు ఆ లెక్కకు ఒప్పుకోలేదు. ఓడింది దేవుడు కాదు, తప్పు చేసింది మనం అన్నారు. ఇది మామూలు మాట కాదు. పాత రాజుల కథలను గ్రంథంగా కూర్చిన పని చాలావరకు ఆ ప్రవాసకాలంలో, ఆ వెనువెంటనే జరిగిందని పండితులు చెబుతారు. ఆ కూర్పులో తమ రాజుల తప్పులను దాచలేదు. దావీదు అంతటి రాజు పరాయివాడి భార్యను తెచ్చుకుని, ఆ భర్తను యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టించి చంపించిన కథ అలాగే ఉంచారు. నాతాను అనే ప్రవక్త వచ్చి, ఆ నేరం నీదేనయ్యా అని రాజు ముఖం మీదే చెప్పిన ఘట్టమూ ఉంచారు. ఆ కాలపు చక్రవర్తుల శాసనాలు తీసి చూడండి. గెలిచిన ఊళ్ళ లెక్కే తప్ప చేసిన పాపాల లెక్క ఎక్కడా కనబడదు.

క్రీస్తుపూర్వం 539లో పారశీక చక్రవర్తి కోరెషు బబులోనును జయించాడు. వెళ్ళదలుచుకున్నవాళ్ళు వెళ్ళి గుడి కట్టుకోవచ్చన్నాడు. అందరూ వెళ్ళలేదు. బబులోనులో పొలాలు, అప్పులు, పన్నులు, పిల్లల పెళ్ళిళ్ళతో స్థిరపడినవాళ్ళు అక్కడే ఉండిపోయారు. అలాంటి యూదు పల్లె ఒకదాని లెక్కలు రాసిన మట్టి పలకలు ఇరాకు నేలలో దొరికాయి కూడా. వెళ్ళినవాళ్ళు 515 నాటికి రెండో దేవాలయం పూర్తి చేశారు. ఆ తరవాత కొన్ని దశాబ్దాలకు జరిగిన సంఘటన ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎజ్రా అనే శాస్త్రి యెరూషలేములో నీటి గుమ్మం ముందున్న మైదానంలో చెక్క వేదిక ఎక్కి, ధర్మశాస్త్ర గ్రంథం విప్పి, తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా చదివాడు. ఎదురుగా ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరూ నిలబడి విన్నారు. అర్థంకానివాళ్ళకు కొందరు విడమరచి చెప్పారు. గుడి లోపలికి పూజారులే వెళ్ళాలి. ఈ చదువు మాత్రం బయట, మైదానంలో, అందరికీ. ఈ తేడా తరవాత చాలా పనికొచ్చింది.

ఇక 70వ సంవత్సరానికి వద్దాం. రోమన్ సామ్రాజ్యం మీద యూదయలో తిరుగుబాటు మొదలై నాలుగేళ్ళయింది. వెస్పాసియన్ కొడుకు టైటస్ యెరూషలేమును చుట్టుముట్టాడు. గోడ బయట రోమన్లు, గోడ లోపల యూదుల్లోనే మూడు వర్గాలు. ఒకరి మీద కోపంతో ఇంకొకరు ఊరి ధాన్యపు కొట్లు తగలబెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి సరిపోయే తిండి బూడిదైపోయింది. ఆ వేసవిలో ఆకలితో ఊరు చచ్చింది. ఆగస్టులో గుడి కాలింది.

దీన్ని యూదులు ఎలా చెప్పుకున్నారో చూడండి. యూదు పండితుల చర్చల గ్రంథమైన తాల్ముడ్‌లో ఒక కథ ఉంది. యెరూషలేములో ఒక ధనవంతుడు విందు చేశాడు. తన స్నేహితుడు కమ్సాను పిలుచుకు రమ్మని నౌకరును పంపాడు. నౌకరు పొరపాటున బర్ కమ్సా అనే ఆయనను పిలుచుకొచ్చాడు. ఈ బర్ కమ్సా ఆ ధనవంతుడికి బద్ధశత్రువు. పిలుపు వచ్చింది కదా, రాజీకొస్తున్నాడేమో అనుకుని వచ్చి కూర్చున్నాడు. ఇంటాయన చూసి లేవమన్నాడు. ఎలాగూ వచ్చాను, పదిమందిలో పరువు తియ్యకు, నా తిండి ఖర్చు నేనిచ్చుకుంటానన్నాడు బర్ కమ్సా. కుదరదన్నాడు. సగం విందు ఖర్చు ఇస్తానన్నాడు. కుదరదన్నాడు. మొత్తం విందు ఖర్చు పెట్టుకుంటానన్నాడు. చెయ్యి పట్టుకుని బయటికి నెట్టాడు. ఆ పంక్తిలో పండితులు కూడా కూర్చుని ఉన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ అవమానంతో బర్ కమ్సా నేరుగా రోమన్ల దగ్గరికి వెళ్ళి, యూదులు తిరగబడుతున్నారని చాడీ చెప్పాడు. యెరూషలేము అలా నాశనమైందని కథ.

ఇది అక్షరాలా చరిత్ర అని ఎవరూ అనరు. కాని ఈ కథ రాసిపెట్టింది ఎవరు? ఆ పండితుల శిష్యపరంపరే. మా గురువులు విందులో కూర్చుని నోరు మూసుకున్నారని వాళ్ళే రాశారు. రెండో గుడి ఎందుకు పోయిందని అడిగితే, ఆ తరంవాళ్ళు శాస్త్రం చదువుకున్నవాళ్ళే, దానధర్మాలు చేసినవాళ్ళే, కాని కారణం లేని పగలు పెంచుకున్నారు, అందుకే పోయింది అని ఇంకోచోట తేల్చారు. రోమన్ల బలం మాట ఎత్తనే లేదు.

యుద్ధం నడుస్తుండగానే యోహానాన్ బెన్ జక్కాయ్ అనే గురువు ఒక ఉపాయం చేశాడని సంప్రదాయం చెబుతుంది. ఊరు దాటి పోయేవాళ్ళను తిరుగుబాటుదారులు పోనిచ్చేవాళ్ళు కాదు. శవాన్ని మాత్రం పాతిపెట్టడానికి బయటికి పంపాల్సిందే. శిష్యులు గురువుగారిని పాడెమీద పడుకోబెట్టి, చనిపోయారని చెప్పి మోసుకుపోయారు. కావలివాడు ఈటెతో పొడిచి చూడబోతే, గురువుగారి శవాన్ని పొడిచారన్న అపకీర్తి మీకెందుకు అని ఆపారు. ఆయన అప్పటికింకా సేనానిగానే ఉన్న వెస్పాసియన్ దగ్గరికి వెళ్ళి, నువ్వు చక్రవర్తివి కాబోతున్నావని చెప్పాడట. మాట నిజమైంది. ఏం కావాలో కోరుకోమంటే ఆయన యెరూషలేమును అడగలేదు, గుడినీ అడగలేదు. యవ్నె అనే చిన్న ఊరు, అక్కడి పండితులను వదిలెయ్యమన్నాడు. అంటే ఒక బడిని అడిగాడు.

ఎందుకు యెరూషలేమును అడగలేదని తరవాతివాళ్ళు ఆయనను తప్పుపట్టారు. ఆ తప్పుపట్టిన మాట కూడా తాల్ముడ్‌లోనే ఉంది. ఆయన సమర్థకుల జవాబు కూడా ఉంది. పెద్దది అడిగితే చిన్నదీ దక్కేది కాదేమోనని.

యవ్నె బడిలో జరిగింది నిజంగా పెద్ద మార్పు. గుడి లేదు గనక బలులు లేవు. బలి స్థానంలో ప్రార్థన వచ్చింది, చదువు వచ్చింది, సాటిమనిషికి చేసే మేలు వచ్చింది. పూజారి స్థానంలో రబ్బీ వచ్చాడు. రబ్బీ అంటే గురువే, పుట్టుకతో వచ్చే పదవి కాదు. చదువుకుంటే వచ్చేది. 200 ప్రాంతంలో యెహూదా హనాసి అనే పెద్ద ఆ చర్చలన్నిటినీ మిష్నా అనే పేరుతో కూర్చాడు. దాని మీద బబులోనులోని పండితులు మూడు నాలుగు వందల ఏళ్ళపాటు చేసిన వాదోపవాదాలే బబులోను తాల్ముడ్.

అందులో ఒక పద్ధతి మనం గమనించాలి. చర్చలో ఓడిపోయిన అభిప్రాయాన్ని కూడా పేరుతో సహా రాశారు. హిల్లెల్ అనే గురువు శిష్యులకు, షమ్మాయ్ అనే గురువు శిష్యులకు వందల విషయాల్లో పడేది కాదు. ఎక్కువసార్లు హిల్లెల్ పక్షానిదే నెగ్గింది. అయినా షమ్మాయ్ పక్షం మాట తీసెయ్యలేదు. పదిమంది కాదన్న ఒక్కడి మాట ఎందుకు రాయాలని మిష్నాయే అడిగి, తనే జవాబు చెప్పుకుంది. రేపు ఇంకో న్యాయసభకు ఆ ఒక్కడి మాటే సరైనదని తోచవచ్చు, అప్పుడు దాన్ని ఆధారం చేసుకోవడానికి ఉండాలని.

ఈ తాల్ముడ్‌ను కాల్చినవాళ్ళూ ఉన్నారు. 1242లో పారిస్ నగరంలో ఇరవైనాలుగు బళ్ళ నిండా తాల్ముడ్ ప్రతులు తెచ్చి తగలబెట్టారు. అచ్చు యంత్రం లేని రోజులవి, ఒక్కో ప్రతి వెనక ఒక్కో లేఖకుడి ఏళ్ళ శ్రమ ఉంటుంది. అలాంటి మంటల తరవాత మనకు దాదాపు పూర్తిగా మిగిలిన చేతిరాత తాల్ముడ్ ఒకే ఒక్కటి. 1342లో రాసినది. ఇప్పుడు మ్యూనిక్ గ్రంథాలయంలో ఉంది. తరవాత 1520లలో వెనిస్ నగరంలో డేనియల్ బోంబెర్గ్ అనే క్రైస్తవ ముద్రాపకుడు మొత్తం తాల్ముడ్ అచ్చువేశాడు. పుట మధ్యలో మూలం. లోపలి అంచున పదకొండో శతాబ్దపు పండితుడు రాషి వ్యాఖ్య. బయటి అంచున ఆ రాషి మనవలు, వాళ్ళ శిష్యులు ఆయననే కాదంటూ రాసిన వ్యాఖ్య. తాత ఒకవైపు, తాతతో వాదించే మనవడు ఇంకోవైపు. ఇవాళ్టికీ ఆ పుటల అంకెలు మారలేదు. 1923 నుంచి రోజుకొక పత్రం చొప్పున ప్రపంచమంతా ఒకే పత్రం చదివే పద్ధతి నడుస్తోంది. 2,711 పత్రాలు. పూర్తికావడానికి ఏడున్నరేళ్ళు పడుతుంది.

శాస్త్రం సరే, మామూలు మనుషుల సంగతి ఏమిటి? ఇప్పుడు ఈజిప్టుకు వెళదాం. పాత కైరోలో, ఫుస్తాత్ అనే పేటలో, బెన్ ఎజ్రా అనే ప్రార్థనాలయం ఉంది. అక్కడ ఆడవాళ్ళు కూర్చునే వసారా చివర ఒక గది. దానికి తలుపు లేదు, కిటికీ లేదు. నిచ్చెన వేసుకుని గోడలో ఉన్న కన్నం గుండా దిగాలి. దేవుడి పేరున్న కాగితాన్ని పారెయ్యకూడదు, కాల్చకూడదు అన్నది యూదుల నియమం. పాతబడ్డ గ్రంథాలను అలాంటి గదిలో వేసి, తరవాత భూమిలో పాతిపెట్టాలి. దాన్ని గెనిజా అంటారు. ఫుస్తాత్‌వాళ్ళు వేసినవి వేసినట్టే ఉంచేశారు, పాతిపెట్టలేదు. పైగా హీబ్రూ అక్షరాల్లో ఉన్న ప్రతిదీ అందులో పడేశారు. పెళ్ళి పత్రాలు, విడాకుల పత్రాలు, అప్పు పత్రాలు, పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పుటలు, బాకీ వసూలు కాని ఫిర్యాదులు, అల్లుడి మీద అత్తగారి నిందలు. సుమారు వెయ్యేళ్ళపాటు పడుతూనే ఉన్నాయి. ఈజిప్టులో వానలు తక్కువ. కాగితం చెడలేదు.

1896లో స్కాట్లండ్‌కు చెందిన కవల అక్కచెల్లెళ్ళు ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ తూర్పు దేశాల్లో కొన్న కొన్ని పాత పుటలను కేంబ్రిడ్జ్ తెచ్చారు. అక్కడి పండితుడు సాలమన్ షెక్టర్ ఒక పుట చూసి నిర్ఘాంతపోయాడు. అది బెన్ సీరా అనే ప్రాచీన నీతి గ్రంథపు హీబ్రూ మూలం. అనువాదాలే తప్ప మూలం వందల ఏళ్ళుగా ఎవరి కంటా పడలేదు. షెక్టర్ ఆ చలికాలంలోనే కైరో వెళ్ళి, అక్కడి పెద్ద రబ్బీని ఒప్పించి, ఆ గదిలో దిగాడు. దుమ్ము మింగుతూ, దగ్గుతూ, వారాల తరబడి ఏరాడు. కేంబ్రిడ్జ్ చేరిన ముక్కలు దాదాపు 1,93,000.

ఆ ముక్కల్లో మన దేశమూ ఉంది. అబ్రహాం బెన్ యీజు అనే వర్తకుడు ట్యునీషియా తీరంలోని మహదియా ఊరివాడు. 1130లలో మంగళూరు వచ్చి కాపురం పెట్టాడు. అక్కడ కంచు పాత్రల కర్మాగారం నడిపాడు. ఏడెన్‌లో ఉన్న స్నేహితులు పాత పగిలిన పాత్రలు పంపి, వీటిని కరిగించి ఫలానా కొలతకు పళ్ళెం, ఫలానా ఆకారంలో చెంబు చేయించి పంపు అని ఉత్తరాలు రాసేవాళ్ళు. ఇతను మిరియాలు, వక్కలు, ఇనుము పంపేవాడు. మంగళూరులో రాసుకోవడానికి కాగితం దొరకదు. అందుకని స్నేహితులు సరుకుతోపాటు కాగితాలు కానుకగా పంపేవాళ్ళు. 1132లో ఆషు అనే బానిస స్త్రీకి అక్కడే విముక్తి పత్రం రాసిచ్చాడు. ఆమెతోనే కాపురం చేశాడని, ఆమె పిల్లల తల్లి అని పండితులు చెబుతారు. అతని దగ్గర పనిచేసిన బొమ్మ అనే బానిస గుమాస్తా ఏడెన్ వెళ్ళి తాగి గొడవచేసిన సంగతి కూడా ఆ ఉత్తరాల్లో ఉంది. 1148లో సిసిలీ సైన్యం మహదియాను పట్టుకుందని తెలిశాక, తన అన్నదమ్ములు ఏమయ్యారోనని ఆత్రంగా రాసిన ఉత్తరమూ ఉంది.

ఆ గదిలోనే ఇంకో ఉత్తరం దొరికింది. గొప్ప తత్వవేత్త, వైద్యుడు మైమొనిడిస్‌కు ఆయన తమ్ముడు దావీదు ఎర్రసముద్రం ఒడ్డున ఐధాబ్ రేవు నుంచి రాసింది. ఇక్కడ సరుకు బాగాలేదు, నేను ఇండియాకు ఓడెక్కుతున్నాను అని దాని సారాంశం. ఆ దావీదు హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. అన్నగారు ఏడాదిపాటు మంచం పట్టి లేవలేదు.

మన దేశపు యూదుల మాట వచ్చింది గనక రెండు మాటలు. సుమారు 1000వ సంవత్సరంలో చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు డెబ్బైరెండు హక్కులు రాసిచ్చిన రాగిరేకులు కొచ్చిలో నేటికీ ఉన్నాయి. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ వాళ్ళు నూనె గానుగలు ఆడించుకుంటూ, శనివారం మాత్రం గానుగ ఆపేసేవాళ్ళు. మరాఠీలో వాళ్ళకు శనివారం తేలీ అనే పేరే పడింది. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోనూ, తాము పాత ఇజ్రాయెలీయుల్లో ఎఫ్రాయిము గోత్రంవాళ్ళమని చెప్పుకుంటూ, 1980ల చివర్నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్న తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి.

ఇక 1492. ఆ ఏడు జనవరిలో స్పెయిన్ రాజు ఫెర్డినాండ్, రాణి ఇసబెల్లా గ్రనడాను గెలిచారు. మార్చి 31న ఆజ్ఞ మీద సంతకం చేశారు. యూదులు క్రైస్తవం పుచ్చుకోవాలి, లేదా జూలై చివరికల్లా దేశం విడిచిపోవాలి. బంగారం, వెండి, నాణేలు తీసుకుపోకూడదు. అంతమంది ఒక్కసారి అమ్మకానికి పెడితే కొనేదెవరు? ఇల్లు ఇచ్చి గాడిదను, ద్రాక్షతోట ఇచ్చి గుడ్డముక్కను తీసుకున్నారని ఆ కాలపు స్పానిష్ చరిత్రకారుడే రాశాడు. గడువు ముగిసిన కొద్ది రోజులకే, ఆగస్టు 3న, కొలంబస్ ఓడలు బయల్దేరాయి.

సుల్తాను రెండో బాయజీద్ తన టర్కీ రేవులు తెరిచాడు. వెళ్ళినవాళ్ళు ఏం పట్టుకెళ్ళారు? అచ్చు అక్షరాల విద్య. 1493లో ఇస్తాంబుల్‌లో హీబ్రూ పుస్తకం ముద్రించారు. అదే ఊళ్ళో టర్కిష్ పుస్తకం అచ్చుకావడానికి ఇంకో రెండు వందల ఏళ్ళు పైన పట్టింది. పాత స్పానిష్ భాషను ఇళ్ళల్లో లడీనో పేరుతో ఐదు శతాబ్దాలు మాట్లాడారు.

ఇంకో పుస్తకం కథ చెబుతాను. పస్కా పండుగ రాత్రి భోజనాల దగ్గర చదువుకునే హగ్గదా ఒకటి 1350 ప్రాంతంలో స్పెయిన్‌లో తయారైంది. బొమ్మలు, బంగారు పూత. పుటల మీద ద్రాక్షసారా మరకలు కూడా ఉన్నాయి. పిల్లలున్న ఇంట్లో వాడిన పుస్తకమన్నమాట. 1492 తరవాత అది ఇటలీ చేరింది. 1609లో చర్చి తనిఖీదారు ఒకాయన చూసి సంతకం పెట్టాడు. 1894లో బోస్నియాలోని సరయెవో మ్యూజియం కొనుక్కుంది. 1942లో ఒక నాజీ సేనాని దానికోసం మ్యూజియానికి వచ్చాడు. దెర్విష్ కోర్కుత్ అనే ముస్లిం గ్రంథాలయాధికారి దాన్ని దాటించేశాడు. 1992లో సరయెవో ముట్టడిలో తూటాల వర్షం మధ్య మళ్ళీ కాపాడారు. యూదులు దాచుకున్నారని చెబుతూ వస్తున్నాను కదా, ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పారశీక రాజు, క్రైస్తవ ముద్రాపకుడు, ముస్లిం అధికారి లేకపోతే వాళ్ళు దాచుకున్నది సగం కూడా నిలిచేది కాదు.

స్పెయిన్, పోర్చుగల్ నుంచి చెదిరినవాళ్ళ సంతతి ఆమ్‌స్టర్‌డామ్, లండన్ చేరింది. 1680లలో వాళ్ళలో కొందరు మద్రాసు వచ్చారు. జాక్ డి పైవా వంటి వర్తకులు మధ్యధరా సముద్రపు పగడాలు తెచ్చి అమ్మి, గోల్కొండ గనుల వజ్రాలు కొనేవాళ్ళు. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడితే ఆల్డర్‌మెన్లలో యూదులూ ఉన్నారు. స్పెయిన్‌లో పడ్డ సంతకం రెండు వందల ఏళ్ళకు మన కృష్ణా తీరపు కొల్లూరు గని దాకా వచ్చిందంటే ఇలాగే.

మధ్యలో రెండున్నర శతాబ్దాలు గబగబా దాటుదాం. 1791లో ఫ్రాన్సు యూదులకు సమాన పౌరహక్కులు ఇచ్చింది. తూర్పున రష్యాలో 1881 నుంచి వరసగా మూకదాడులు. లక్షల మంది అమెరికా ఓడలెక్కారు. కొద్దిమంది పాలస్తీనా వెళ్ళారు. తరవాత హిట్లర్.

వార్సా నగరంలో నాలుగు లక్షలకు పైగా యూదులను 1940 నవంబరులో గోడ కట్టి బంధించారు. లోపల ఆకలి, టైఫస్ జ్వరం. ఆ గోడల మధ్య ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ అనే చరిత్ర పంతులు ఒక రహస్య బృందాన్ని కూడగట్టాడు. శనివారాలు కలుసుకునేవాళ్ళు గనక సబ్బాతు సంతోషం అని దొంగపేరు పెట్టుకున్నారు. రచయితలు, బడిపంతుళ్ళు, వ్యాపారులు, రబ్బీ కూడా ఉన్నారు. పని ఏమిటంటే, అన్నీ సేకరించడం. రేషను చీటీలు, ట్రాము టిక్కెట్లు, మిఠాయి చుట్టిన కాగితాలు, గోడప్రకటనలు, పిల్లలు రాసిన వ్యాసాలు, గంజి కేంద్రాల లెక్కలు. ఆడవాళ్ళ బతుకు మీద, దొంగసరుకు రవాణా మీద, వీధిపిల్లల మీద ప్రశ్నావళులు తయారుచేసి, ఇంటింటికీ తిరిగి రాయించారు.

వాళ్ళు జర్మన్ల దుర్మార్గం ఒక్కటే రాయలేదు. గోడ లోపలి యూదు పోలీసులు లంచాలు ఎలా తిన్నారో రాశారు. ఉన్నవాళ్ళు హోటళ్ళలో తింటుంటే గుమ్మం ముందు పిల్లలు చచ్చిపడి ఉన్నారని రాశారు. చావు ముందు నిలబడి కూడా తమవాళ్ళను వెనకేసుకురాలేదు. చరిత్ర రాస్తే మొత్తం రాయాలన్నది రింగెల్‌బ్లుమ్ పట్టుదల.

1942 జూలై 22న రైళ్ళు మొదలయ్యాయి. రెండు గుళ్ళూ కూలిన రోజని యూదులు ఉపవాసం ఉండే ఆవ్ మాసపు తొమ్మిదో నాడు మర్నాడే. రెండు నెలల్లో దాదాపు 2,65,000 మందిని ట్రెబ్లింకా మరణశిబిరానికి పంపి చంపారు. ఆగస్టు మొదట్లోనే, నొవొలిప్కి వీధి 68వ నంబరు బడి నేలమాళిగలో, ఒక పంతులు ఇద్దరు కుర్రాళ్ళ సాయంతో పది రేకుపెట్టెల్లో కాగితాలు పెట్టి పాతిపెట్టాడు. ఆ కుర్రాళ్ళలో ఒకడికి పంతొమ్మిదేళ్ళు, ఇంకొకడికి పద్దెనిమిది. పెట్టెలతో తమ వీలునామాలు కూడా పెట్టారు. 1943 ఫిబ్రవరిలో మిగతా కాగితాలు రెండు పాల క్యానుల్లో పెట్టి పాతారు. 1944 మార్చిలో రింగెల్‌బ్లుమ్‌ను, భార్యను, కొడుకును, వాళ్ళకు ఆశ్రయమిచ్చిన పోలిష్ మనిషిని కూడా పట్టుకుని కాల్చేశారు. బృందంలో బతికి బయటపడింది ముగ్గురే.

ఆ ముగ్గురు యుద్ధం తరవాత తిరిగొచ్చేసరికి వీధి లేదు. ఇటుకల గుట్టలే. తవ్వించారు. 1946 సెప్టెంబరులో రేకుపెట్టెలు దొరికాయి. నీళ్ళు దిగి కాగితాలు తడిసి అంటుకుపోయాయి, ఒక్కొక్కటిగా విడదీశారు. 1950 డిసెంబరులో పాల క్యానులు దొరికాయి. ఇంకోచోట పాతిన మూడో భాగం నేటికీ దొరకలేదు. మిగిలినవి సుమారు 35,000 పుటలు. అరవై లక్షల మందిని చంపిన ఆ ఘోరంలో పుస్తకం ఎవరి ప్రాణాన్నీ కాపాడలేదు. ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కాగితాలు బతికాయి, రాసినవాళ్ళు బతకలేదు. కాని చంపినవాళ్ళు చెప్పిన కథే చివరి కథ కాకుండా పోయింది.

1947 నవంబరు 29. పాలస్తీనాను రెండు రాజ్యాలుగా విభజించాలా వద్దా అని ఐక్యరాజ్యసమితి ఓటు వేస్తున్న రోజు. అదే రోజు పురావస్తు పండితుడు ఎలియాజర్ సుకెనిక్ బెత్లెహేము వెళ్ళి, మృతసముద్రపు గుహల్లో దొరికిన తోలు చుట్టలు కొని తెచ్చుకున్నాడు. రెండు వేల ఏళ్ళ నాటివి అవి. ఆయన ఒక గదిలో చుట్టలు విప్పుతుంటే, పక్క గదిలో కొడుకు రేడియో పెట్టుకుని న్యూయార్క్ ఓట్ల లెక్క వింటున్నాడు. 1948 మే 14న ఇజ్రాయెల్ రాజ్యం ఏర్పడింది. వెంటనే యుద్ధం. దాదాపు ఏడు లక్షల మంది పాలస్తీనా అరబ్బులు ఇళ్ళూ ఊళ్ళూ కోల్పోయి శరణార్థులయ్యారు. తరవాతి ఏళ్ళలో అరబ్బు దేశాల్లోని యూదులు కూడా లక్షల సంఖ్యలో అక్కడి పుట్టిళ్ళు వదిలి వచ్చారు. ఆ గాయాలు ఇవాళ్టికీ పచ్చిగానే ఉన్నాయి.

ఇంతవరకు ఓడినవాళ్ళ కాగితాల సంగతి చెప్పాను. అధికారం లేనప్పుడు తన తప్పు తాను రాసుకోవడం ఒక ఎత్తు. చేతికి రాజ్యం, సైన్యం వచ్చాక రాసుకోవడం ఇంకో ఎత్తు. పాలస్తీనావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయారని ఇజ్రాయెల్ బడి పుస్తకాలు చాలాకాలం చెప్పాయి. ప్రభుత్వ దస్తావేజుల గదులు తెరుచుకున్నాక, 1980ల చివర్లో బెన్నీ మోరిస్ వంటి ఇజ్రాయెలీ చరిత్రకారులే ఆ కాగితాలు చదివి, ఊళ్ళు ఖాళీ చేయించిన సంఘటనలను తేదీలతో బయటపెట్టారు. వాళ్ళను ద్రోహులన్నవాళ్ళూ ఉన్నారు, ఇన్నాళ్ళకు నిజం చెప్పారన్నవాళ్ళూ ఉన్నారు. ఆ వాదం ఆగలేదు.

షావుకారు చిట్టాలో జమ ఒక్కటే ఉండి ఖర్చు లేకపోతే ఆ చిట్టాను ఎవరూ నమ్మరు. జాతి చరిత్రకూ అదే నియమం. నాతాను దావీదును నిలదీసిన మాట, విందులో నోరు మూసుకున్న పండితుల కథ, ఓడిపోయిన షమ్మాయ్ పక్షం వాదన, లంచం తిన్న పోలీసు మీద రింగెల్‌బ్లుమ్ రాసిన పుట, వీటివల్లనే మిగతా మాటలకు కూడా విలువ వచ్చింది. తమకు జరిగిన అన్యాయాన్ని వీళ్ళు చెబితే లోకం నమ్మడానికి ఒక కారణం, తాము చేసిన తప్పును కూడా రాసిపెట్టే అలవాటే. ఆ అలవాటును అధికారం వచ్చాక కూడా నిలబెట్టుకుంటారా లేదా అన్నది వాళ్ళ చరిత్రలో ఇప్పుడు నడుస్తున్న ఘట్టం. ఆ పరీక్ష వాళ్ళ ఒక్కరిదే కాదు. తమ గతం గురించి పుస్తకం రాసుకునే ప్రతి జాతీ ఎప్పుడో ఒకప్పుడు దాన్ని రాయవలసిందే.